మందున్నా ఆగని చావులు: కూలీ జనాన్ని పట్టే పొదల జ్వరం

వానలు వెనుకపట్టి, చేలు ఎదిగి, గట్ల మీద గడ్డి మోకాలెత్తున పెరిగే రోజుల్లో పల్లెల్లో పని చేతినిండా వుంటుంది. కలుపు తీత, గడ్డి కోత, వేరుశనగ పీకుడు, పత్తి తీత, ఆ వెనుకే వరి కోత. కూలీ జనం ఏడాది మొత్తంలో నాలుగు డబ్బులు కళ్ళజూసే కాలమిది. సరిగ్గా ఈ కాలంలోనే వాడకు ఇద్దరు ముగ్గురు మంచమెక్కుతారు. ఒళ్ళు కాలిపోయే జ్వరం, తల బద్దలయ్యే నొప్పి, కండలు పీకుతున్నట్లు సలుపు. ఊళ్ళో ఆర్.ఎం.పి. డాక్టరు సూది వేస్తాడు, సెలైను ఎక్కిస్తాడు. తగ్గదు. పట్నం పోతే మూడు పేర్లలో ఒకటి చెబుతారు: మలేరియా, టైఫాయిడు, డెంగీ. ఈ మూడూ కాదని తేలితే అధికారులకూ, పత్రికలకూ సిద్ధంగా ఒక మాట వున్నది: "విష జ్వరం".

విష జ్వరం అనే జబ్బు ఏ వైద్య గ్రంథంలోనూ లేదు. పేరు తేల్చని జ్వరాలన్నిటి మీదా కప్పిన దుప్పటి అది. ఆ దుప్పటి ఎత్తి చూస్తే కింద కనిపించేవాటిలో ముఖ్యమైనది స్క్రబ్ టైఫస్. స్క్రబ్ అంటే తుప్పలు, పొదలు. తుప్పల్లో తిరిగినవారికి వచ్చే జ్వరం గనుక ఆ పేరు పెట్టారు. ఈ వ్యాసంలో మేము దాన్ని పొదల జ్వరం అనే పిలుస్తాము.

2025 చివరి నెలల్లో చిత్తూరు నుంచి విజయనగరం దాకా పలు జిల్లాల్లో ఈ జ్వరం బయటపడింది. చావుల వార్తలు వచ్చాయి. ఏదో కొత్త పురుగు దిగిందని జనంలో భయం పుట్టింది. పురుగు కొత్తది కాదు. జ్వరమూ కొత్తది కాదు. తిరుపతి వైద్యులు పదేళ్ళకు పైగా ఈ రోగులను చూస్తూనే వున్నారు, వైద్య పత్రికల్లో రాస్తూనే వున్నారు. ఇక మందు సంగతా? అది 1948 నుంచీ వున్నది. మరి మనుషులు ఎందుకు చస్తున్నారు? ఈ ప్రశ్నను కూలీ జనం ముందు, వారి సంఘాల ముందు పెట్టడానికే ఇది రాస్తున్నాము.

ఆరుద్ర పురుగు చుట్టం

తొలకరికి తడిసిన నేల మీద, మఖమలు గుడ్డ కత్తిరించి చల్లినట్లు ఎర్రగా పాకే ఆరుద్ర పురుగును మనవాళ్ళందరూ ఎరుగుదురు. పిల్లలు అగ్గిపెట్టెల్లో దాచుకుంటారు. అది మనిషిని ఏమీ చేయదు. పొదల జ్వరం తెచ్చే పురుగు దానికి చుట్టమే. మిరప తోటలో ఆకులు ముడిచే నల్లికీ దూరపు చుట్టమే. కాని ఇది కంటికి ఆనదు. మనిషిని పట్టే దశలో దాని పొడుగు మిల్లీమీటరులో అయిదో వంతు. మన దేశంలో ముఖ్యంగా ఈ పని చేసేదానికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు లెప్టోట్రాంబిడియం డెలియెన్స్. మనకు నల్లి అంటే చాలు. మంచం నల్లి వేరు, ఇది వేరు.

ఈ నల్లి గుడ్డు మట్టిలో. పెద్ద పురుగు బతికేదీ మట్టిలోనే, చిన్న చిన్న పురుగుల గుడ్లు తిని. దానికి మనిషితో పని లేదు. కరిచేది పిల్ల నల్లి ఒక్కటే. ఆరు కాళ్ళ ఈ పిల్లకు బతుకు మొత్తంలో ఒక్కసారి జంతువు ఒంటి రసం కావాలి. అది దొరికితేనే ఎదుగుతుంది. అందుకోసం నేలను అంటి వున్న గడ్డి పరకల మీద, రాలిన ఆకుల మీద గుంపులుగా చేరి కాచుకుంటుంది. ఎలుకో, పందికొక్కో, చుంచెలుకో, నేల మీద తిరిగే పిట్టో దగ్గరకు వస్తే ఎక్కుతుంది. మనిషి దాని అసలు మేత కాదు. దారిన అడ్డం వచ్చినవాడు, అంతే.

ఒంటి మీదకు ఎక్కాక బట్ట బిగుతుగా వుండే చోటు, చర్మం పలచన, చెమట పట్టే చోటు వెతుక్కుంటుంది. మొలతాడు కింద, చీర కుచ్చెళ్ళ బిగువున, చంకల్లో, గజ్జల్లో, రొమ్ముల కింద, మోకాలి వెనుక, చెవి వెనుక. కరిస్తే నొప్పి వుండదు. ఇది రక్తం తాగేది కాదు. ఉమ్మి వదిలి, దానితో చర్మాన్ని కరిగించి, ఆ రసం పీలుస్తుంది. రెండు మూడు రోజులు అట్లాగే పట్టుకుని, కడుపు నిండాక రాలిపోతుంది. పట్టినప్పుడూ తెలియదు, రాలినప్పుడూ తెలియదు.

ఆ ఉమ్మిలో ఓరియెన్షియా సుత్సుగముషి అనే సూక్ష్మజీవి వుంటే అది మన ఒంట్లో దిగుతుంది. ప్రతి నల్లిలోనూ అది వుండదు. వున్న నల్లికి అది తల్లి నుంచి గుడ్డు ద్వారా వస్తుంది. ఆస్తి మాదిరిగా తరతరాలు దిగివచ్చే జబ్బు ఇది. అందుకే ఎలుకలను చంపినంత మాత్రాన నేలలో నుంచి జబ్బు పోదు. ఇంకొక సంగతి గట్టిగా చెప్పాలి. ఈ జ్వరం మనిషి నుంచి మనిషికి అంటదు. జ్వరం వచ్చిన మనిషిని దూరం పెట్టడం, కంచం, చెంబు వేరు చేయడం అన్యాయం, అనవసరం.

నట్టడవి కంటే, అడవి నరికాక లేచిన తుప్పల్లో, సాగు మానిన బీళ్ళలో, ఏటి గట్లమీద, కాలువ గట్లమీద, డొంకల వెంట దీనికి బాగా సాగుతుంది. ఒక చోట మందలుగా వుండి, నాలుగడుగుల అవతల ఒక్కటీ లేకపోవచ్చు. అందుకే ఒకే ముఠాలో పనిచేసిన పదిమందిలో ఒకరికి వచ్చి తొమ్మిదిమందికి రాకపోవడం వింత కాదు.

పనిని బట్టి పట్టే జ్వరం

ఈ నల్లి పేదా ధనికా చూడదు. కాని ధనికుడు గడ్డిలో గొంతుక్కూచుని కలుపు తీయడు గదా! పొద్దున్నుంచీ పొద్దుగూకే దాకా గొంతుక్కూచునేది ఆడకూలీ. గడ్డి కోసి, మోపు కట్టి, నెత్తినో భుజానో పెట్టుకుని తెచ్చేది పశువుల కాపరి, పాలేరు. మేకల వెంట తుప్పల్లో తిరిగేది పిల్లవాడు. తునికాకు కోసం, కట్టెల కోసం పొద పొదా దూరేది గిరిజన స్త్రీ. ఉపాధి పనుల కింద కాలువ గట్ల కంప కొట్టేది కూలీ జనం. మధ్యాహ్నం గట్టు మీద తువ్వాలు పరుచుకుని నడుం వాల్చేదీ వాళ్ళే. పసిబిడ్డను చెట్టు నీడన గడ్డి మీద పడుకోబెట్టేదీ ఆ తల్లే, ఇంటి దగ్గర చూసేవారు లేక.

ఇంటికి వస్తే అక్కడా అంతే. కాలనీలు కట్టేది ఊరి చివర, ఎవరికీ పనికిరాని జాగాలో. చుట్టూ సర్కారు తుమ్మ, వెనుక డొంక. మరుగుదొడ్డి వుండదు, వున్నా నీళ్ళుండవు. చీకటిపడ్డాక ఆడవాళ్ళు పోయేది ఆ తుప్పల్లోకే. అంటే పనిలోనూ, విశ్రాంతిలోనూ, అవసరానికి పోయినప్పుడూ కూలీ మనిషి ఆ నల్లి కాచుకున్న చోటునే కూచోవలసి వస్తున్నది.

మా మాటగా దీన్ని తీసుకోనక్కర్లేదు. తమిళనాడులో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు, లండన్ పరిశోధకులు కలిసి 37 పల్లెల్లో 30 వేలకు పైగా జనాన్ని 2020 నుంచి 2022 దాకా వెన్నంటి చూశారు. ఆ పల్లెల్లో ఏడాదికి పదిమందిలో ఒకరి దాకా ఈ సూక్ష్మజీవి సోకుతున్నదని 2025లో ప్రకటించారు. చాలామందికి అది తెలియకుండానే పోతుంది. కాని జ్వరంతో ఆసుపత్రిలో చేరవలసి వచ్చిన వారిలో దాదాపు మూడో వంతు దీని బాధితులే. వేలూరు చిత్తూరు జిల్లాకు పొరుగు. అక్కడి తుప్పలకూ ఇక్కడి తుప్పలకూ మధ్య గోడ కట్టి లేదు.

ఇది ఎవరి జబ్బో చరిత్ర చెబుతుంది

పదహారు వందల ఏళ్ళకు పూర్వమే గె హోంగ్ అనే చైనా వైద్యుడు దక్షిణ చైనాలో ఇసుక, గడ్డి తొక్కినవారిని పట్టే కంటికానని ఎర్ర పురుగు గురించీ, దాని వెంట వచ్చే జ్వరం గురించీ రాశాడు. జపానులో నీగాతా ప్రాంతపు ఏటి ఒడ్డు రైతులకు ఇది తాతల నాటి భయం. వరద తీశాక ఒండ్రు పొలాల్లో దిగినవారు జ్వరంతో పోయేవారు. 1879లో బేల్జ్, కవకామి అనే ఇద్దరు వైద్యులు దీన్ని ఏటి జ్వరం, వరద జ్వరం అనే పేర్లతో లోకానికి చెప్పారు. సుత్సుగముషి అన్నది ఆ రైతుల మాటే. ప్రమాదకరమైన పురుగు అని దాని అర్థం. శాస్త్రం సూక్ష్మజీవికి పెట్టుకున్న పేరులో ఇప్పటికీ జపాను రైతు మాట వున్నది.

స్క్రబ్ టైఫస్ అన్న పేరు మాత్రం మలయాలో పుట్టింది. ఇంగ్లీషువారి ఏలుబడిలో రబ్బరు తోటలు, పామాయిలు తోటలు వేయడానికి అడవి నరికించారు. నరికిందీ, కలుపు తీసిందీ మన దక్షిణాది నుంచి ఓడలెక్కి పోయిన కూలీలు. అరవవారే ఎక్కువ, తెలుగువారూ వున్నారు. 1920ల్లో ఫ్లెచర్ అనే వైద్యుడు, ఆయన సహచరులు కౌలాలంపూరులో రోగులను చూసి, జ్వరాలు రెండు రకాలని గుర్తించారు. పట్నంలో అంగళ్ళ మధ్య బతికేవారికి వచ్చేది ఒకటి, ఎలుకల మీది గోమార్ల వల్ల. తోటల్లో, తుప్పల్లో పనిచేసేవారికి వచ్చేది ఇంకొకటి. మొదటిదానికి అంగడి టైఫస్ అనీ, రెండోదానికి పొదల టైఫస్ అనీ పేర్లు పెట్టారు. అంటే వంద ఏళ్ళ కిందటే వైద్యులు రోగిని "ఏం పని చేస్తావు?" అని అడిగారు. ఆ ప్రశ్నే జబ్బు ఆచూకీ చెప్పింది.

రెండో ప్రపంచ యుద్ధంలో అస్సాం, బర్మా సరిహద్దుల్లోనూ, పసిఫిక్ దీవుల్లోనూ సైనికులు వేల సంఖ్యలో ఈ జ్వరంతో పడిపోయారు. అప్పుడు ప్రభుత్వాలకు మెలకువ వచ్చింది. సైనికుడు పడిపోతే యుద్ధం నడవదు గదా! పరిశోధకులను పంపారు, బట్టలకు నల్లి మందు పట్టించారు, డేరాల చుట్టూ తుప్పలు కొట్టించారు. యుద్ధం అయ్యాక 1948లో అమెరికా సైనిక వైద్యుడు స్మాడెల్ బృందం కౌలాలంపూరులో క్లోరామ్‌ఫెనికాల్ అనే మందు ఇచ్చి చూసింది. చావవలసిన మనుషులు లేచి కూచున్నారు.

అక్కడే ఇంకొక సంగతి జరిగింది. పొదల జ్వరమనుకుని ఆ మందు ఇచ్చినవారిలో కొందరికి వున్నది నిజానికి టైఫాయిడు. వారికీ తగ్గింది. టైఫాయిడుకు మందు దొరికింది అట్లాగే. ఆనాడు టైఫాయిడును పొదల జ్వరమనుకున్నా రోగి బతికాడు. ఈనాడు మన పల్లెల్లో పొదల జ్వరాన్ని టైఫాయిడు అనుకుంటున్నారు. రోగి చస్తున్నాడు. ఎందుకో చూద్దాం.

టైఫస్ వేరు, టైఫాయిడు వేరు

పేర్లు దగ్గరగా వున్నా ఈ రెండు జబ్బులకూ సంబంధం లేదు. టైఫాయిడు చెడు నీళ్ళ వల్ల, చెడు తిండి వల్ల వస్తుంది. టైఫస్ పురుగు వల్ల వస్తుంది. కాని జ్వరం, తలనొప్పి, ఒళ్ళు నొప్పులు, వాంతులు రెంటిలోనూ వుంటాయి. పల్లెల్లో, చిన్న పట్నాల్లో "టైఫాయిడు పరీక్ష" అంటే విడాల్ పరీక్ష. అది టైఫాయిడు లేకున్నా వున్నట్లు చూపటం మామూలు. ఇక ఆ కాగితం పట్టుకుని ఖరీదైన సూది మందులు మొదలవుతాయి.

ఇప్పుడు టైఫాయిడుకు ఎక్కువగా వేస్తున్న సూది మందులు సెఫలోస్పోరిన్ జాతివి. పెన్సిలిన్‌గానీ, ఈ జాతి మందులుగానీ పొదల జ్వరం మీద పనిచేయవు. దాని సూక్ష్మజీవి మన ఒంటి కణాల లోపల దాక్కుంటుంది. ఈ మందులు అక్కడ దాన్ని ఏమీ చేయలేవు. "వారం బట్టి సూదులేయిస్తున్నామయ్యా, సలిజరం తగ్గలా. టైపాయిడన్నాడు డాట్రు." ఈ మాట వినని వాడ ఏది? తగ్గని టైఫాయిడు అన్నచోట ఇది టైఫాయిడేనా అని అడగాలి.

పని చేసే మందు డాక్సీసైక్లిన్. అది పాత మందు, దేశపు అత్యవసర మందుల జాబితాలో వున్న మందు, కొద్ది రూపాయల మాత్ర. ఇది పడితే చాలామందికి రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇస్తారు. భారత వైద్య పరిశోధనా మండలి 2015లోనే మార్గదర్శకాలు ప్రచురించింది. అనుమానం వుంటే పరీక్ష ఫలితం కోసం ఆగవద్దు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే మందు మొదలుపెట్టండి అన్నదే దాని సారాంశం. పెద్దవారికి 100 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ రోజుకు రెండుసార్లు, ఏడు రోజులు.

ఆగవద్దు అని ఎందుకన్నారు? ఈ జబ్బుకు ఇప్పుడు వాడే మంచి రక్త పరీక్ష ఐ.జి.ఎం. ఎలీసా. అది కూడా జ్వరం మొదటి రోజుల్లో లేదనే చూపవచ్చు. వున్నదని తేలేసరికి వారం గడుస్తుంది. ఆ వారమే ప్రాణానికి విలువైన వారం.

ఆలస్యం ఖరీదు

నల్లి కరిచిన పది పన్నెండు రోజులకు జ్వరం వస్తుంది. అందుకే ఎక్కడ, ఏ చేలో పట్టిందో మనిషికి గుర్తుండదు. మొదటి వారం మామూలు జ్వరంలాగే వుంటుంది. రెండో వారంలో అసలు రూపం చూపుతుంది. సూక్ష్మజీవి రక్తనాళాల లోపలి పొరను పాడుచేస్తుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం వస్తుంది. కళ్ళు పచ్చబడతాయి. మూత్రం తగ్గుతుంది. మెదడుకు ఎక్కితే మాట తడబడి, ఫిట్సు వచ్చి, స్పృహ తప్పుతుంది. ప్లేట్‌లెట్లు పడిపోతే డెంగీ అని పొరబడతారు.

ఆ దశలో మనిషికి కావలసింది పెద్దాసుపత్రి, ఆక్సిజను, కొందరికి ఊపిరి యంత్రం. మొదటి వారంలో కొద్ది రూపాయల మాత్రలతో పోయే జబ్బు, రెండో వారంలో వేలూ లక్షలూ మింగుతుంది. గొడ్డు పోతుంది, మేకలు పోతాయి, చెవులకున్నది కుదువకు పోతుంది. నూటికి మూడు, నాలుగు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు మిగులుతుంది. ఒక్కోసారి అప్పు మిగిలి మనిషి మిగలడు.

ముదిరినవారికీ ఆశ లేకపోలేదు. మన దేశంలోనే వేలూరు వైద్యుల ఆధ్వర్యాన ఏడు ఆసుపత్రులలో 794 మంది తీవ్ర రోగుల మీద జరిపిన పరిశీలన 2023లో వెలువడింది. డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి నరానికి ఇచ్చిన రోగులు ఒక్క మందు ఇచ్చినవారికంటే మెరుగ్గా కోలుకున్నారు. చావు, తగ్గని జ్వరం, తగ్గని ఉపద్రవం కలిపి లెక్కిస్తే, ఒక్క మందు ఇచ్చినచోట నూటికి 47, 48 మంది, రెండూ ఇచ్చినచోట నూటికి 33 మంది. ఈ సంగతి జిల్లా ఆసుపత్రులన్నిటికీ చేరాలి. కాని అక్కడిదాకా పోకుండా ఆపటమే అసలు పని.

నల్లటి పక్కు: ఒంటి మీది సాక్ష్యం

ఈ జబ్బుకు ఒక గుర్తు వున్నది. యంత్రం అక్కర్లేదు, కళ్ళుంటే చాలు. నల్లి పట్టిన చోట ముందు చిన్న పొక్కు లేస్తుంది, తర్వాత అది నల్లటి పక్కు కడుతుంది. బీడీ నిప్పు అంటించినట్లు వుంటుంది. చుట్టూ ఎర్రని గీత. నొప్పి, దురద వుండవు గనుక రోగికే తెలియదు. దాని దగ్గర బిళ్ళ కట్టి వుండవచ్చు. జ్వరం, ఆ పక్కు రెండూ కనబడితే ఇక ఎక్కువ ఆలోచించే పని లేదు.

అయితే రెండు మాటలు గుర్తుంచుకోవాలి. పక్కు అందరికీ వుండదు. కొన్ని చోట్ల సగం మందిలోనే కనబడింది. పక్కు లేదు గనుక ఈ జ్వరం కాదనటం తప్పు. రెండోది, వెతికితేనే కనబడుతుంది. చంక, గజ్జ, నడుము, రొమ్ముల కింద, తొడల మధ్య. రోజుకు వందమందిని చూసే డాక్టరు ఎవరి చంక ఎత్తి చూస్తాడు? ఆడకూలీ మగ డాక్టరు ముందు రవిక విప్పుతుందా? అడిగే గౌరవమైన తీరు, చూసే ఆడమనిషి, చాటుకు ఒక తెర వుండాలి. ఒక తెర గుడ్డ లేక, ఒక నర్సు లేక పోయే ప్రాణాలున్నాయని అంటే అతిశయోక్తి కాదు. అందుకే మేము చెప్పేది: ఇంట్లో జ్వరం వస్తే ముందు మనమే చూసుకుందాం. అమ్మ కూతురిని, అత్త కోడలిని, పెళ్ళాం మొగుణ్ణి. పక్కు కనబడితే దాన్ని చూపించి, "తుప్పల్లో, గడ్డిలో పని చేశానండీ" అని డాక్టరుకు చెప్పాలి.

గోరఖ్‌పూర్ నేర్పిన పాఠం

ఉత్తరప్రదేశ్ తూర్పు జిల్లాల్లో, గోరఖ్‌పూర్ చుట్టుపక్కల, 1978 నుంచీ ఏటా వానాకాలంలో పేదల పిల్లలు మెదడువాపు జ్వరంతో వందల సంఖ్యలో చనిపోతూ వచ్చారు. దోమ తెచ్చే జపనీస్ మెదడువాపు అన్నారు, టీకాలు వేశారు. ఆ జబ్బు తగ్గింది గాని చావులు ఆగలేదు. 2015, 2016లలో మళ్ళీ మొదటి నుంచి వెతికారు. పరీక్షించిన పిల్లల్లో సగానికి మించి పొదల జ్వరం ఆనవాళ్ళు బయటపడ్డాయి. ఆ తర్వాత జ్వరం వచ్చిన పిల్లలకు మెదడుకు ఎక్కకముందే, కింది ఆసుపత్రుల్లోనే మందు ఇవ్వాలన్న పద్ధతి తెచ్చారు. ఏళ్ళ తరబడి ఎవరూ వెతకని జబ్బు అది. వెతికిన తర్వాతే కనబడింది.

మన పొరుగు ఒడిశాలో 2023 సెప్టెంబరులో బర్గఢ్ జిల్లాలో అయిదుగురు పోయారు. అదీ వరి పండే జిల్లాయే. అప్పుడూ కలకలం లేచింది, సద్దుమణిగింది. చావు వార్తతో లేచి, వార్తతోనే చల్లారే కలకలం ప్రజారోగ్యం అనిపించుకోదు.

మనం చేసుకోగలిగింది

ఈ జ్వరానికి టీకా లేదు. జాగ్రత్తే వున్నది. గడ్డిలో, తుప్పల్లో పని చేసేటప్పుడు కాళ్ళూ చేతులూ కప్పే బట్ట వేసుకోవాలి. మగవారు లుంగీ ఎగగట్టే బదులు ప్యాంటు వేసి, అంచులు మేజోళ్ళలోకి దోపుకుంటే మంచిది. పని నుంచి రాగానే ఆ బట్టలు విప్పి, సబ్బు పెట్టి ఒళ్ళు బాగా రుద్దుకుని స్నానం చేయాలి. నల్లి ఎక్కిన వెంటనే పట్టుకోదు, ఈలోగా రుద్దితే పోతుంది. పని బట్టలను ఉతికి ఎండలో ఆరవేయాలి, వాటితోనే పడుకోకూడదు. గడ్డి మీద ఒట్టి నేలన పడుకోవద్దు. పట్టానో, గోనెపట్టానో పరుచుకోవాలి. విప్పిన చొక్కా, తువ్వాలు గట్టు మీద పడేయకుండా కొమ్మకు తగిలించాలి. పసిబిడ్డకు ఉయ్యాల కట్టాలి. దోమలకు పూసుకునే మందు పాదాలకు, పిక్కలకు, నడుముకు పూసుకుంటే నల్లీ దూరంగా వుంటుంది. ఇంటి చుట్టూ తుప్ప కొట్టాలి. గడ్డివామి, కట్టెల మోపు ఇంటి గోడకు ఆనించకూడదు. అక్కడ ఎలుక చేరుతుంది, ఎలుక వెంట నల్లి చేరుతుంది.

మందు దుకాణంలో నాలుగు మాత్రలు కొని మింగి, జ్వరం దిగగానే మానేయడం పనికిరాదు. డాక్టరుకు చూపించి, చెప్పినన్ని రోజులూ వాడాలి. డాక్సీసైక్లిన్ తిన్న తర్వాత, నిండా నీళ్ళతో వేసుకోవాలి. వేసుకుని వెంటనే పడుకోకూడదు. ఆయాసం, మత్తు, మూత్రం తగ్గడం కనబడితే గంట కూడా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి.

ఈ జాగ్రత్తలు రాస్తుంటే మాకే అనిపిస్తున్నది. పొద్దున్నే నాలుగింటికి లేచి వండి, చేనుకు పోయి, పొద్దుగూకి వచ్చి మళ్ళీ పొయ్యి ముట్టించే ఆడకూలీకి రోజూ స్నానానికి, బట్టల ఉతుకుకు నీళ్ళెక్కడివి? రెండో జత ఎక్కడిది? "శుభ్రంగా వుండండి" అని చెప్పి చేతులు దులుపుకోవడం తేలిక. నీళ్ళు, మరుగుదొడ్డి, తుప్పలు లేని నివాసం ఇవ్వకుండా చెప్పే ఆరోగ్య సలహా, అన్నం పెట్టకుండా నెయ్యి వేసుకో అన్నట్లుంటుంది.

అడగవలసింది

కర్మాగారంలో యంత్రం చెయ్యి కోస్తే ప్రమాదం అంటారు, విచారణ చేస్తారు. చేలో నల్లి పట్టి కూలీ పోతే జ్వరం అంటారు, అంతటితో సరి. పనిలో వచ్చిన జబ్బు పని జబ్బే. దాన్ని అట్లా చూసే దాకా కదలాలి. ఇవాళే, ఈ మండలంలోనే అడగదగినవి ఇవి.

ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ ఏ రోజూ లేవనకుండా వుండాలి. జ్వరం రోగి చీటీ మీద "ఏ పని చేస్తారు, పదిహేను రోజుల్లో తుప్పల్లో, గడ్డిలో తిరిగారా" అనే ప్రశ్న వుండాలి. ఒళ్ళు చూడటానికి చాటు, ఆడవారిని చూడటానికి ఆడ సిబ్బంది వుండాలి. ఎలీసా పరీక్ష ప్రతి జిల్లా, ఏరియా ఆసుపత్రిలో ఉచితంగా జరగాలి. రక్తం ఇక్కడ తీసి పట్నం పంపినా, జవాబు వచ్చేదాకా మందు ఆపకూడదు. ఆశా కార్యకర్తలకు, ఎ.ఎన్.ఎం.లకు పక్కు గుర్తుపట్టే శిక్షణ ఇవ్వాలి. ఊళ్ళో మొదట చూసేది ఆర్.ఎం.పి. డాక్టరే గనుక, అయిదు రోజులు దాటిన జ్వరాన్ని తన దగ్గరే వుంచుకోకుండా పంపాలని వారికీ చెప్పాలి. కూలీల కాలనీల చుట్టూ తుప్పలు కొట్టే బాధ్యత పంచాయతీ తీసుకోవాలి, దాన్ని ఉపాధి పనుల్లో చేర్చవచ్చు. కొట్టేవారికి కాళ్ళకు, చేతులకు తొడుగులు ఇవ్వాలి. మండలాల వారీగా కేసుల లెక్క బయటపెట్టాలి. "విష జ్వరం" అనే మాటను ఆసుపత్రి కాగితాల నుంచీ, అధికారుల ప్రకటనల నుంచీ తీసేయాలి.

ఇందులో కొత్త మందు కనిపెట్టమని అడగలేదు. కోట్లు పోసి భవనాలు కట్టమనీ అడగలేదు. వున్న మందు ఊరికి తెమ్మనీ, రోగిని మనిషిగా చూసి నాలుగు మాటలు అడగమనీ మాత్రమే అడుగుతున్నాము. వంద ఏళ్ళ కిందట మలయా తోటల్లో తెల్లదొరల కాలపు డాక్టరు కూలీని అడిగిన ప్రశ్నను స్వతంత్ర దేశపు ఆరోగ్య కేంద్రం అడగలేదా?

వచ్చే కలుపు పనులకు ముందు ప్రతి ఊళ్ళో సంఘం కార్యకర్తలు కూలీ జనాన్ని ఒకచోట కూచోబెట్టి ఈ సంగతులు చెప్పాలి. తర్వాత పదిమంది కలిసి ఆరోగ్య కేంద్రానికి పోయి, "ఆ మాత్రలు వున్నాయా, చూపించండి" అని అడగాలి. వుంటే ఊళ్ళో అందరికీ చెప్పాలి. లేకపోతే వచ్చేదాకా అక్కడ నుంచి కదలకూడదు.